మొగిలిగుంట ఒర్రె, ఒక దొంగ తీర్మానం

ఇంజనీరు ఉద్యోగమంటే సిమెంటు, ఇనుము, కొలతలు అనుకుని మునిసిపల్ ఆఫీసులో చేరాను. ముప్పై మూడేళ్లు చేసి బయటికి వచ్చాక వెనక్కి తిరిగి చూసుకుంటే, చేసిన పనిలో సగం మనుషులు చెప్పేది వినడం, మిగతా సగం వినకుండా తప్పించుకోవడం. వినడం గురించి ట్రైనింగులో చెప్తారు. తప్పించుకోవడం గురించి ఎవరూ చెప్పరు. అది ఒకరిని చూసి ఒకరం నేర్చుకుంటాం. నేను దాన్ని బాగా నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానో, దానివల్ల ఒక బస్తీకి ఏం జరగబోయిందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది మల్కాజిగిరి. నాన్న రైల్వేలో ఫిట్టరు. డిప్లొమా పూర్తికాగానే నాకు ఉద్యోగం వచ్చింది. ఎక్కువ కాలం ఉప్పల్, నాచారం వైపే పనిచేశాను. పొలాలు ప్లాట్లు కావడం, ప్లాట్లు అపార్టుమెంట్లు కావడం, ఉప్పల్ రింగురోడ్డు మీద మెట్రో లేవడం, అన్నీ సైటు చెప్పులతోనే చూశాను. ప్రమోషన్ల గురించి రాయను. అవి వచ్చాయి, కొన్ని ఆలస్యంగా వచ్చాయి, అంతే.

మా ప్రభాకర్ సారు

నాకు మంచి బాసులూ దొరికారు, చెడ్డ బాసులూ దొరికారు. ప్రభాకర్ సారు ఈ రెండింట్లో దేనికీ పూర్తిగా చెందడు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. వానొస్తే ఆఫీసులో కూర్చునే మనిషి కాదు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, తాడు పట్టుకుని, నడుం లోతు నీళ్లలోకి మా అందరికంటే ముందు దిగేవాడు. ఒకసారి నాచారంలో నీళ్లు చుట్టుముట్టిన ఇంట్లోంచి ఒక బాలింతను భుజం మీద మోసుకొచ్చాడు. అది నేను కళ్లారా చూశాను.

కానీ ఆయన దృష్టిలో జనం అంటే కాపాడాల్సినవాళ్లు. అడగాల్సినవాళ్లు కాదు. ఈ రెంటికీ తేడా ఉందని నాకు చాలా ఏళ్లు తెలియలేదు.

నాచారం పారిశ్రామికవాడ వెనక నాలా ఒకటి ఉంది. దానికి ఒక పక్క ఫ్యాక్టరీ షెడ్ల ప్రహరీగోడలు. రెండో పక్క మొగిలిగుంట బస్తీ. కాస్త ఎత్తున, నాలాకు ఎగువన, రిటైరైన ప్రభుత్వోద్యోగుల కాలనీ. ఏటా వానాకాలంలో ఎగువ కాలనీలో నీళ్లు నిలిచేవి, దిగువ బస్తీలో ఇళ్లలోకి వచ్చేవి. నాలా వెడల్పు చేసి రెండు వైపులా గోడ కట్టాలని పని మంజూరైంది. ఎటువైపు వెడల్పు చేయాలన్నదే ప్రశ్న.

ప్రభాకర్ సారు నాలా ప్లాను నకలు మీద ఎర్ర పెన్నుతో బస్తీ వైపు ఒక గీత గీశాడు. ఆ గీత పదకొండు ఇళ్ల మీదుగా పోయింది.

"షెడ్ల వైపు పోతే ఏమైతది సార్?" అని అడిగాను.

"వాళ్లు కోర్టుకు పోతరు, సరోజా. మూడేండ్లు స్టే. అప్పటిదాంక బస్తీ మొత్తం మునుగుతనే ఉంటది."

"బస్తీవాళ్లు?"

"బస్తీవాళ్లు యాడికి పోతరు? మన దగ్గరికే వస్తరు."

ఆయన వెటకారంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. నేనూ లెక్కగానే విన్నాను.

తీర్మానం ఎలా పుట్టిందంటే

అలాంటి పనికి బస్తీ సభ పెట్టాలి. ముందుగా చాటింపు వేయించాలి, గీత ఎక్కడ పోతుందో చూపించాలి, జనం ఏమన్నారో రాయాలి, వాళ్ల సంతకాలతో తీర్మానం ఫైలుకు జత చేయాలి. ఫైలు వెళ్లాల్సిన గడువు నాలుగు రోజుల్లో ఉంది. సభ పెడితే గొడవవుతుందని సారుకు తెలుసు, నాకూ తెలుసు.

"పోయిన నెల బస్తీల కంటి క్యాంపు పెట్టినం గదా," అన్నాడు సారు. "సంతకాల షీట్లు ఉన్నయి. వాటినే పెట్టు. మీటింగైనట్టు రాయి. పని మంచిదే గదా, ఎట్లనన్న జేయాలె."

ఇక్కడ ఆగి నిజం చెప్పాలి. ఆయన నన్ను బెదిరించలేదు. బదిలీ చేస్తాననలేదు. నేను భయపడి రాయలేదు. సులువుగా ఉందని రాశాను. నాలా వెడల్పు కావాలన్నది నా నమ్మకం కూడా. ఎలాగూ చివరికి జరిగేది అదే కదా, మధ్యలో నాలుగు గంటలు తిట్లు తినడం ఎందుకనుకున్నాను.

"హాజరైన వారందరూ ప్రతిపాదనను ఏకగ్రీవంగా ఆమోదించినారు" అని నేనే టైపు చేశాను. ఆ వాక్యం నాకు ఎప్పుడో కంఠతా వచ్చు. కంటి క్యాంపు షీట్ల పైభాగం మడిచి జిరాక్సు తీశాను. ముప్పై ఎనిమిది సంతకాలు. అన్నీ నిజమైన మనుషులవే. ఒక్కరు కూడా ఆ సభకు రాలేదు, ఎందుకంటే ఆ సభే జరగలేదు.

ఆ రోజు మధ్యాహ్నం డబ్బా తెరిచి ఎప్పటిలాగే అన్నం తిన్నాను. అది గుర్తొస్తేనే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అన్నం సయించకపోయి ఉంటే కొంచెం నయంగా ఉండేది.

సోమవారం కాగితం

నెలన్నర తర్వాత గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడ్డాయి. ఆ సోమవారం ప్రజావాణికి మొగిలిగుంట నుంచి ఒకామె వచ్చింది. ప్రజావాణి అంటే వారానికోసారి అధికారులు కూర్చుని అర్జీలు తీసుకునే రోజు. ఆమె పేరు యాదమ్మ. అరవై దాటిన మనిషి. వాళ్లది ఆ ఊరే. ఒకప్పుడు ఆ షెడ్లున్న చోట వాళ్ల మామకు కూరగాయల మడులు ఉండేవట. ఆ రోజుల్లో పొద్దున్నే గంపలో ఆకుకూరలు పెట్టుకుని ఎగువ కాలనీలో అమ్ముకునేది.

అర్జీ నా టేబుల్ మీదికి వచ్చింది. "మా ఇండ్ల మీద గుర్తులు పెట్టిన్రు, మమ్ముల ఎవ్వరు అడగలేదు" అని రాసి ఉంది. నేను జవాబు రాశాను: "పరిశీలించడమైనది. బస్తీ సభ ఆమోదించిన మేరకు పని చేపట్టడమైనది." కంప్యూటర్లో 'పరిష్కరించబడినది' అన్న గడి మీద నొక్కాను. సైటుకు పోలేదు.

అక్కడితో అయిపోయేదే. చాలా అర్జీలు అక్కడితోనే అయిపోతాయి. కానీ యాదమ్మ ఆ జవాబును పారేయలేదు. ఎగువ కాలనీలో ఆమె దగ్గర రోజూ ఆకుకూర కొనే సుబ్బారావు గారితో చదివించుకుంది. ఆయన ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో పనిచేసి రిటైరయ్యాడు, సొంతూరు తెనాలి వైపు. నాలా వెడల్పు చేయాలని మా ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లలో ఆయన మొదటివాడు. ఆ పని ఆగితే ఆయన ఇంట్లోకే నీళ్లొస్తాయి.

ఆ రోజు ఏం జరిగిందో తర్వాత ఆయనే నాకు చెప్పాడు. "జవాబు చదివి, సభ ఎప్పుడు జరిగింది యాదమ్మా అని అడిగానండీ. సభనా, ఏం సభ సారూ అంది. నాకు నాలా కావాలి, నిజమే. కానీ అబద్ధం మీద కట్టిన గోడ నాకు అక్కర్లేదనిపించింది."

ఆయనే సమాచార హక్కు కింద అర్జీ రాసిపెట్టాడు. యాదమ్మ సంతకం చేసింది. తీర్మానం, హాజరు పట్టీ నకళ్లు కావాలని అడిగారు. నకళ్లు ఇచ్చింది నేనే. ధైర్యంతో ఇవ్వలేదు. ముప్పై రోజుల గడువు దాటితే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుందని ఇచ్చాను. జత చేసిన కాగితాలు ఎవరు చదువుతారులే అనుకున్నాను.

కుడి కన్ను

ఒక బుధవారం పదకొండింటికి యాదమ్మ ఆఫీసుకు వచ్చింది. ఒక్కతే. చేతిలో ప్లాస్టిక్ కవరు. నా టేబుల్ ముందు నిలబడి, కాగితం తీసి నా వైపు తిప్పి పెట్టింది.

"గీ సంతకం నాదే మేడం," అంది. "వయోజన బడిల నేర్సుకున్న. 'య'కు గట్ల తోక నేనే పెడ్త, ఇంకెవ్వలు పెట్టరు."

కాగితం దగ్గరికి లాక్కున్నాను.

"గని పక్కన సూడు. ఏమో రాసి ఉన్నదంట."

చూశాను. షీటు పైభాగం మడిచాను గానీ కుడి అంచు మడవలేదు. ఆమె పేరు పక్కన సగం తెగిన అక్షరాలు కనిపిస్తున్నాయి. 'కుడి – పొర.' కింది పేరు పక్కన 'ఎడమ'. దాని కింద 'రెండూ'.

"నా కుడి కన్నుల పొరొచ్చింది మేడం. గా డాక్టరమ్మ సూసి రాసుకున్నది. మీ నాలాకు నా కన్నుకు ఏం సంబంధం?"

పక్క టేబుల్ గుమాస్తా కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించాడు. అప్పుడు నిజం చెప్పే అవకాశం నాకు దొరికింది. గదిలో బయటివాళ్లు ఎవరూ లేరు, ఉన్నది మా వాళ్లే.

"పై ఆఫీసరును అడగాలె, యాదమ్మా. మళ్ల రా," అన్నాను.

ఆమె కాగితం జాగ్రత్తగా కవర్లో పెట్టుకుంది.

"మళ్ల రాను," అంది. "ఇగ మీరే రావాలె."

జేసీబీ ముందు

రెండు వారాలకు మేమే వెళ్లాం. పొద్దున ఆరున్నర. సన్నగా ముసురు పడుతోంది. జేసీబీ బస్తీ మొదట్లో ఆగింది. ఇద్దరు కానిస్టేబుళ్లు, ప్రభాకర్ సారు, నేను, మా సిబ్బంది. సందు నిండా ఆడవాళ్లు తడుస్తూ నేల మీద కూర్చున్నారు. వెనక మగవాళ్లు నిలబడ్డారు. ఒకాయన చేతిలో ఇటుక ఉంది. విసరడం లేదు, కింద పెట్టడమూ లేదు.

ఎగువ కాలనీ నుంచి కూడా జనం వచ్చారు. "ఎన్నేళ్లు మునగమంటారండీ మమ్మల్ని?" అని ఒకాయన గట్టిగా అరిచాడు. బస్తీ వైపు నుంచి తిట్లు లేచాయి. డ్రైవరు ఇంజను ఆపలేదు. ఆ ఇనుప బొచ్చె గాలిలో కదులుతుంటే కింద కూర్చున్న ఒక ముసలామె రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

అప్పటికే ఫిర్యాదు పై దాకా పోయినట్టుంది, మా పై అధికారి కారు వచ్చి ఆగింది. ఆమె యువ ఐఏఎస్ అధికారి, కొత్తగా వచ్చింది. గొడుగు లేకుండానే దిగింది.

ప్రభాకర్ సారు ముందుకు పోయి, "మేడం, సభ తీర్మానం ఉంది. ఇద్దరు ముగ్గురు ఎగదోస్తున్నరు, అంతే," అన్నాడు.

యాదమ్మ లేచి నిలబడింది. తడిసిన కవర్లోంచి కాగితం తీసింది. పై అధికారికి ఇవ్వలేదు. నా దగ్గరికి నడిచి వచ్చింది.

"మేడం, గిప్పుడు జెప్పు," అంది. "అందరున్నరు. గీ సంతకం నేను ఏడ పెట్టిన?"

ప్రభాకర్ సారు నా మోచేతి దగ్గరే ఉన్నాడు. "ఏం మాట్లాడకు సరోజా," అన్నాడు మెల్లగా. "ఆఫీసుల సూసుకుందం."

అటు ఇటుక పట్టుకున్న మనిషి నన్నే చూస్తున్నాడు. నాలో మంచితనం మేల్కొన్నదని నేను చెప్పను. ఒక్కటే అనిపించింది, ఇప్పుడు అబద్ధం చెప్తే ఆ బొచ్చె కదులుతుంది, కదిలితే ఎవరో ఒకరు చస్తారు.

"కంటి క్యాంపుల పెట్టినవ్," అన్నాను. పై అధికారి వైపు తిరిగాను. "సభ జరగలేదు మేడం. ఆ తీర్మానం నేనే రాసిన."

పై అధికారి నా ముఖం చూసింది, ప్రభాకర్ సారు ముఖం చూసింది. తర్వాత డ్రైవరు వైపు చెయ్యి ఎత్తింది. ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఏడవడం వినిపించింది. చూస్తే అది ఇటుక పట్టుకున్న మనిషి.

ప్రభాకర్ సారు వానలో నడుచుకుంటూ జీపు దగ్గరికి పోయాడు. ఆ తర్వాత ఆయన నాతో ఉద్యోగం మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు. నాకు మెమో వచ్చింది, ఆయనకూ వచ్చింది. అది రాసి మీ టైము తినను.

అసలు సభ

పై అధికారి సభ మళ్లీ పెట్టమంది. నన్నే పెట్టమంది. శిక్ష అనుకున్నాను, కాదని తర్వాత తెలిసింది. పని రోజు పొద్దున పెట్టవద్దని, ఆదివారం పెట్టమని చెప్పింది. బస్తీలో మైకు పెట్టి చెప్పించాం. గీత ఎటు పోతుందో నేల మీద సున్నంతో వేయించాం. సర్కారు బడి వరండాలో సభ. రెండు వైపుల జనమూ వచ్చారు.

మొదటి గంట తిట్లే. అన్నీ నాకే. నోట్‌బుక్కులో రాసుకున్నాను. "దొంగ సంతకాల మేడం" అన్నదీ రాసుకున్నాను. రెండో గంటలో ఎగువవాళ్లు, దిగువవాళ్లు ఒకరి మీదొకరు పడ్డారు. బల్లలు పడిపోయాయి. ఇక ముగించి వెళ్లిపోదామనుకుంటుండగా సుబ్బారావు గారు లేచి, రెవెన్యూ ఆఫీసు నుంచి తెప్పించిన పాత గ్రామ నక్షా నకలు బల్ల మీద పరిచాడు.

"ఇక్కడ రెండు గీతలున్నాయి," అన్నాడు. "ఒకటి ఇప్పటి నాలా. రెండోది ఏమిటో నాకు తెలియడం లేదు."

యాదమ్మ దగ్గరికొచ్చి, మంచిగా ఉన్న ఎడమ కన్నుతో వంగి చూసింది. నక్షా ఆమెకు అర్థం కాలేదు. కానీ ఊరి చెరువు ఏ మూలనుందో సుబ్బారావు గారు చెప్పగానే చూపుడువేలు ఆ రెండో గీత మీద పెట్టింది.

"గది ఒర్రె," అంది. "చెరువు నిండి మత్తడి దుంకితే నీళ్లు రెండు దిక్కుల పోయేటియి. సగం గీ నాలాల, సగం ఒర్రెల. ఒర్రెను పూడ్సి షెడ్లు కట్టిన్రు. అప్పటిసంది నీళ్లన్ని ఒక్క దిక్కే వస్తున్నయి."

ఆ ఒర్రెను మళ్లీ తెరిస్తే నాలా వెడల్పు చేయాల్సిన పనే ఉండదు, పదకొండు ఇళ్లూ నిలుస్తాయి. "ఎక్కడ ఉండేదో చూపిస్తావా?" అని అడిగాను.

"నడువుండ్రి."

అందరం నడిచాం. బస్తీవాళ్లు, కాలనీవాళ్లు, టేపు పట్టుకుని మా సర్వేయరు. ఇంజనీరుగా నేను ఆ నాలా పక్కన ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. కాళ్ల కింద ఇంకొక వాగు ఉందని ఎన్నడూ ఎరుగను. ఆమె ఒక షెడ్డు ప్రహరీ దగ్గర ఆగి, "గీ గోడ కింద" అంది. గోడ పునాది దగ్గర చెమ్మ ఉంది, చెమ్మ వెంట తుంగ మొలిచి ఉంది. షెడ్డు మేనేజరు బయటికొచ్చి, "కోర్టుకు పోతం" అన్నాడు. సుబ్బారావు గారు నక్షా చూపించి, "వెళ్లండి, ఒర్రె సర్కారు భూమి అని ఇందులో ఉంది. మేమూ వస్తాం," అన్నాడు.

అక్కడి నుంచి ఒర్రె వంపు తిరిగి బస్తీ చివరన నాలాలో కలవాలి. యాదమ్మ నడక మెల్లగా అయింది. ఒక సందు దాటింది, ఇంకో సందు దాటింది. నీలం తలుపున్న ఒక ఇంటి ముందు ఆగింది. ఎర్ర గుర్తులు పడ్డ పదకొండు ఇళ్లలో అది లేదు.

"గిటు నుంచి పోయేది," అంది.

ఆమె మరిది సత్తయ్య గుంపును తోసుకుని వచ్చాడు.

"వదినా, మతి పోయిందా నీకు? నీ ఇల్లే గదా ఇది! ఇంకెవ్వలకు తెల్వదు, నీకు నాకు తప్ప. జర అటు జరిపి చెప్తే ఏమైతుండె?"

అప్పటిదాకా ఆమె కొట్లాడింది తన ఇంటి కోసమేనని నేను అనుకున్నాను. కాదు. ఎర్ర గుర్తు ఆమె గోడ మీద లేనే లేదు. పక్కవాళ్ల గోడల కోసం ఆ సోమవారం వరసలో నిలబడింది.

"అటు జరిపి చెప్తే నీళ్లు జరుగుతయారా?" అంది ఆమె మరిదితో. "ఇల్లు నాది. ఒర్రె నాది గాదు."

కానీ ఆమె చెయ్యి తలుపు గొళ్లాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. వెంటనే నా వైపు తిరిగింది. "రాసుకో మేడం. ఇల్లు పోతదని ఒక్కటే రాయకు. వేరే ఇల్లు ఇయ్యాలె, ఇచ్చినంకనే గోడ ముట్టాలె అని రాయి. రాసింది సదివి ఇనిపియ్యి. అప్పుడు సంతకం పెడ్త."

అక్కడే, వీధిలో నిలబడి రాశాను. రెండుసార్లు చదివాను. "వేరే ఇల్లు" అన్నచోట "దగ్గర్ల" అని చేర్పించింది. తర్వాత తోక పెట్టిన 'య'తో సంతకం చేసింది. ఆమె వెనక మిగతావాళ్లు వరసగా నిలబడ్డారు.

కొత్తగా చేరేవాళ్లకు

ఆ తీర్మానం పని కావడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. షెడ్డువాళ్లు కోర్టుకు పోయారు, నక్షా ముందు నిలవలేకపోయారు. రెండు వైపుల జనం కలిసి ఎమ్మెల్యే దగ్గరికి నాలుగుసార్లు వెళ్లారు. మొదటి మూడుసార్లు చాయ్ తాగి వచ్చారు. నాలుగోసారి యాదమ్మ తీర్మానం చదివి వినిపించమని ఆయన పీఏనే అడిగిందట. ఆ తర్వాత మంజూరు కోసం ఆయన రాయాల్సిన ఉత్తరం కదిలింది.

నేర్చుకున్నది సూటిగా చెప్తాను. అర్జీ వచ్చినప్పుడు సైటుకు పోండి. పోకుండా 'పరిష్కరించబడినది' నొక్కే చెయ్యి మీకూ వస్తుంది, ఆరు నెలల్లో వస్తుంది, జాగ్రత్త. సమాచార హక్కు అర్జీ వస్తే చిరాకు పడకండి. మీరు చేసిన తప్పును మీకంటే ముందు చదివేవాడు దొరికాడనుకోండి. సభ పెడితే జనం వచ్చే రోజు పెట్టండి, తిట్లు కూడా రాసుకోండి. తిట్లలో సమాచారం ఉంటుంది.

జనానిదీ తప్పుంది, మొహమాటం లేకుండా చెప్తాను. గోడ మీద గుర్తు పడేదాకా రారు. మేం గీత గీసేటప్పుడు, ఎస్టిమేటు వేసేటప్పుడు వచ్చి అడిగితే ఒక పెన్సిలు, ఒక రబ్బరుతో పోయేది. టెండరు అయ్యాక వస్తే జేసీబీ ముందు కూర్చోవాల్సి వస్తుంది. వార్డు కమిటీకి సభ్యులు కావాలన్నప్పుడు ముందుకు రండి. ఖాళీగా ఉండే కుర్చీలో ఎవరో ఒకరు మీ పేరు మీద కూర్చుంటారు. కాలనీ సంఘాలు లెటర్‌హెడ్ మీద పార్కుల గురించి పది ఉత్తరాలు రాస్తాయి, పక్క బస్తీతో ఒక్కసారి మాట్లాడవు. సుబ్బారావు గారు ఆకుకూర కొనేచోట మాట్లాడాడు కాబట్టే ఇదంతా జరిగింది.

ప్రభాకర్ సారు గురించి నా తీర్పు అడిగితే, ఆయన దొంగ కాదు. తొందర మనిషి. నేనూ అంతే. మన ఉద్యోగంలో చాలా అన్యాయాలు మంచి పని తొందరగా చేయాలనుకునేవాళ్లే చేస్తారు.

ఆ తర్వాత

పని మొదలయ్యే ముందే నన్ను అంబర్‌పేట వైపు బదిలీ చేశారు. రిటైరయ్యాక ఒక శ్రావణమాసం మధ్యాహ్నం పెద్ద వాన తగ్గగానే, మనసు ఆగక, ఆటో మాట్లాడుకుని మొగిలిగుంట వెళ్లాను.

ఒర్రె పారుతోంది. ఎర్రటి నీళ్లు, రెండు పక్కలా రాతి గోడ, నీళ్ల మట్టానికీ గోడ అంచుకీ మధ్య ఇంకా మూరెడు ఖాళీ. బస్తీలో గడపలు పొడిగా ఉన్నాయి. ఎర్ర గుర్తులు చెరిపేసి సున్నం వేసుకున్న గోడలు వానకు కడిగినట్టున్నాయి. నీలం తలుపు ఇల్లు లేదు. యాదమ్మకు రెండు సందుల అవతల ఇల్లు ఇచ్చారు. ఒక్క గది తక్కువ. అందుకోసం ఇంకా తిరుగుతోందని బస్తీవాళ్లు చెప్పారు.

ఆమె గడపలో కూర్చుని తోటకూర కట్టలు కడుతోంది. కంటికి ఆపరేషన్ అయినట్టుంది, కళ్లద్దాలు పెట్టుకుంది. నన్ను గుర్తుపట్టి పీట జరిపింది. చాయ్ పెట్టింది. వాన గురించి, మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం. ఎన్నేళ్ల నుంచో నా గొంతులో ఉన్న మాట అప్పుడు అన్నాను.

"యాదమ్మా, ఆ రోజు అందరి ముందు చెప్పినందుకు నాకు ఇప్పటికీ మనసు తేలికగా ఉంటది."

ఆమె కట్ట కట్టడం ఆపలేదు.

"జెప్పినవు. మంచిగనే జెప్పినవు," అంది. "గని నేను ఆఫీసుకొచ్చి అడిగినప్పుడు జెప్పలే. జేసీబీ దాంక తెచ్చినంక జెప్పినవు. నేను గా కాగితం సదివించుకోకుంటే అసలే జెప్పకపోదువు గదా?"

చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఒర్రె చప్పుడు అక్కడిదాకా వినిపిస్తోంది.

"చెప్పకపోదును," అన్నాను.

"గది," అంది ఆమె. కట్టిన కట్టను గంపలో పెట్టి, ఇంకో గుప్పెడు తోటకూర నా వైపు తోసింది. "గియ్యి గట్టు. సేతులు ఖాళీగనే ఉన్నయి గదా."